మంథని ఒడ్డున తీసిన ఇరవైమూడు ఫోటోలు

జనవరి ఆఖరున వరుసగా నాలుగు రోజులు సెలవు కలిసొస్తే మంథని, ఆసిఫాబాద్, నిర్మల్ తిరిగి వచ్చాను. బడి తెరిచిన రోజు స్టాఫ్‌రూంలో అందరూ ఫోటోలు చూపించమన్నారు. చూపించలేదు. అందుకే రాస్తున్నాను.

నేను కరీంనగర్‌లో ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆరేళ్లుగా సెలవు దొరికితే కెమెరా మెడలో వేసుకుని బయటపడతాను. తీసినవాటిలో మంచివి అనుకున్నవి పోటీలకు పంపుతాను. ఆరేళ్లలో ఒక్కటి కూడా ఎంపిక కాలేదు. మా ఊళ్లో ఇలా ఫోటోల పిచ్చి ఉన్నవాళ్లం పదిమందిదాకా ఆదివారాలు కలుస్తుంటాం. అందులో పెళ్లిళ్లకు ఫోటోలు తీసి తీసి జుట్టు నెరిసిన పెద్దాయన ఒకరున్నారు. ఒక ఆదివారం నా ఫోటోలు వేలితో తోసుకుంటూ చూసి, "మేడం, కెమెరాతోని వచ్చిన లెన్సుతోని గింతకన్న రాదు. లెన్సు మార్చుర్రి," అన్నారు.

ఆ మాట విన్నాక నాకు ఎంత తేలికైందో చెప్పలేను. లోపం నాలో లేదు, అద్దంలో ఉంది. అద్దాన్ని మార్చుకోవచ్చు.

ఏ లెన్సు కొనాలన్నది తేలక మూడు నెలలు వీడియోలు చూశాను. చివరికి ఫోటో సామాన్ల షాపాయన రెండు లెన్సులు అద్దెకిచ్చాడు. ఒకటి పొట్టిగా, లావుగా ఉండే ఎనభై ఐదు మిల్లీమీటర్ల లెన్సు. వెలుతురు వచ్చే దాని రంధ్రాన్ని పూర్తిగా తెరిచి తీస్తే మనిషి ముఖం స్పష్టంగా నిలిచి, వెనక ఉన్నదంతా వెన్నలా కరిగిపోతుంది. రెండోది మూరెడు పొడవు జూమ్, దూరాన ఉన్నవాటిని దగ్గరికి లాగుతుంది. "నాలుగు రోజులు వాడి సూడుర్రి. ఏది నచ్చితే గది కొత్తది తెప్పిస్త," అన్నాడాయన. రెండింటినీ పాత చున్నీల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాను.

మంథని

ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు బస్సులో డబ్బుల్లేవు కాబట్టి ఇప్పుడు మా జిల్లాల్లో ఏ బస్సెక్కినా సగానికి పైగా మనవాళ్లే. పెద్దపల్లి దాటాక పక్క సీట్లో కూర్చున్న ముసలమ్మ నా సంచిని మోకాలితో తడిమి చూసింది.

"గిండ్ల ఏమున్నది బిడ్డా, గింత బరువు?"

"కెమెరా అవ్వా."

"ఎవలదన్న పెండ్లా?"

"కాదు. ఊరికెనే తీస్త."

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసి, "ఊరికెనే ఎవలన్న మోస్తరా," అని కిటికీ వైపు తిరిగిపోయింది.

మంథనిలో పాత ఇళ్ల అరుగుల మీద పొద్దుటి ఎండ పడుతోంది. బస్టాండు ముందర పూరీ తిన్నాను. మా వైపు పూరీకి ఆలుగడ్డ కూర పోస్తారు, ఇక్కడ పక్కన పల్లీ చట్నీ కూడా వేశారు. అక్కడి నుంచి ఆటోలో గోదావరి ఒడ్డుకు వెళ్లాను. నీళ్లు నిలకడగా ఉన్నాయి. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. ఎనభై ఐదు బిగించి మెట్లు దిగుతుంటే ఒక కుటుంబం కనిపించింది.

అయిదుగురున్నారు. గుండు చేయించుకుని తెల్ల పంచె కట్టిన ఒక పెద్దమనిషి చేతుల్లో చిన్న మట్టికుండ, దాని మూతికి కట్టిన ఎర్రగుడ్డ. పక్కన పంతులు, ఇద్దరు ముసలివాళ్లు. కొంచెం ఎడంగా ఇరవై ఏళ్ల అమ్మాయి ఫోన్ పైకెత్తి పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. "మామా, ఇనబడుతుందా? మామా, కనబడుతున్నమా?" అంటోంది. ఫోన్లో ఎవరిదో ముఖం కదలకుండా ఆగిపోయి ఉంది.

నేను పలకరిస్తే చెప్పింది. తన పేరు లావణ్య. నాన్న మల్లయ్య. చనిపోయింది లావణ్య తల్లి, మల్లయ్య భార్య. అస్థికలు కలపడానికి వచ్చారు.

"మా అవ్వ తమ్ముడు మస్కట్‌ల ఉంటడు మేడం. సీను మామ. చిన్నప్పుడే వాళ్ల అవ్వ పోతే మా అవ్వనే బీడీలు చేసి సాదింది. గిప్పుడు సెలవియ్యలే. ఫోన్‌ల చూస్త అన్నడు, సిగ్నల్ వస్తలేదు. ఇగ వీడియో తీసి పంపుత."

ఆ మాట మీద నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు.

"ఫోన్‌ల ఏమొస్తది లావణ్యా? నేను తీస్త. గిది పెద్ద కెమెరా, మొఖాలు మంచిగొస్తయి."

ఆమె నాన్న వైపు చూసింది. మల్లయ్య నా మెడలోని కెమెరాను చూశాడు. "మేడం తీస్త అంటుంది గద బిడ్డా. ఫోన్ సంచిల పెట్టి రా. నీళ్లల్ల పడితే పాయె," అన్నాడు. లావణ్య ఫోన్‌ను రుమాలులో చుట్టి సంచి అడుగున పెట్టి వచ్చింది.

వాళ్ల కోసమే తీస్తున్నానని ఆ నిమిషంలో నేను కూడా నమ్మాను. కానీ నా కళ్లకు కనబడింది మంచులోంచి పడుతున్న వెలుతురు, తెల్ల పంచె, ఎర్రగుడ్డ, నీళ్ల మీద బంతిపూలు. ఆరేళ్లుగా నేను వెతుకుతున్న ఫోటో నా ముందుకు నడిచి వచ్చింది.

లెన్సును పూర్తిగా తెరిచాను. ఆ లెన్సుతో అయిదుగురూ ఒకే ఫోటోలో పట్టాలంటే వెనక్కి జరగాలి. జరిగాను. బురదలో కాలు దిగి చెప్పు తెగింది. తెగిన చెప్పును అక్కడే వదిలేసి తీశాను. పంతులు మంత్రం చదివాడు, మల్లయ్య మోకాళ్ల లోతుకు దిగాడు, లావణ్య నాన్న భుజం పట్టుకుంది, కుండ నీళ్లలోకి వంగింది. ఒక చాయ తాగేంత సేపట్లో అయిపోయింది. ఇరవైమూడు ఫోటోలు.

ఎండలో చిన్న తెర మీద చూస్తే అన్నీ బంగారంలా కనిపించాయి. లావణ్య నా నంబరు తీసుకుంది. మల్లయ్య తడి చేతులు జోడించి, "మా బామ్మర్ది సూస్తడు మేడం. మాకు గంతే సాలు," అన్నాడు. నేను ఒక కాలికి చెప్పు లేకుండా మెట్లెక్కి వచ్చాను. బస్టాండు దగ్గర కొత్త చెప్పులు కొనుక్కుంటున్నప్పుడు కూడా నవ్వుకుంటూనే ఉన్నాను.

ఆసిఫాబాద్

ఆసిఫాబాద్ చలి గురించి విన్నాను కానీ అంత ఉంటుందనుకోలేదు. పొద్దున ఎనిమిదింటికి కూడా జనం చెవులకు మఫ్లర్లు చుట్టుకుని రోడ్డు పక్కన మంటలు వేసుకున్నారు. చాయ పది రూపాయలే కానీ మా కరీంనగర్ గ్లాసుకు రెండింతలుంది. లాడ్జి ముందర ఒక బెంచీ మీద కూర్చుని, చాయ పక్కన పెట్టుకుని, నీడలో తీరుబడిగా మంథని ఫోటోలు తెరిచాను. ఏవి పంపాలో ఏరుదామనుకున్నాను. మొదటిదాన్ని పెద్దది చేశాను.

లెన్సును అలా పూర్తిగా తెరిచినప్పుడు స్పష్టంగా పడేది జానెడు లోతు మాత్రమే. దానికి ముందున్నది మసక, వెనకున్నది మసక. ఇది నాకు తెలియనిది కాదు. ఏ వీడియోలోనైనా మొదట చెప్పేది ఇదే. ముందుకు చాచిన మల్లయ్య చేతులు స్పష్టంగా ఉన్నాయి, గోళ్ల సందుల మట్టితో సహా. ఆ చేతుల వెనక ముఖం లేదు. ముఖం ఉండవలసిన చోట ఒక గోధుమరంగు మరక. రెండోది అంతే. అయిదోది అంతే. పదో ఫోటో నుంచి కెమెరా వాళ్లను వదిలేసి వెనక మెట్ల దగ్గర వేపపుల్లతో పళ్లు తోముకుంటున్న ఎవరో మనిషిని పట్టుకుంది. అతని మీసం వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. కుండ నీళ్లలోకి వంగిన ఫోటోలో కూడా అతనే. లావణ్య తండ్రి భుజం పట్టుకున్న ఫోటోలో కూడా అతనే.

ఇరవైమూడూ చూశాను. మళ్లీ మొదటి నుంచి చూశాను. చాయ మీద మీగడ కట్టింది.

ఆ అమ్మాయి ఫోన్ సంచి అడుగున పెట్టింది నా మాట మీద.

తొమ్మిదింటికి లావణ్య మెసేజ్ వచ్చింది. మేడం ఫోటోలు పంపుర్రి, మామ రాత్రి నుంచి అడుగుతుండు, అని. నెట్ సరిగా లేదమ్మా, తర్వాత పంపుతాను అని రాశాను. నెట్ బాగానే ఉంది.

ఏం చేయాలో తోచక రెండో లెన్సు బిగించుకుని పత్తి కొనే చోటికి వెళ్లాను. ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడి ఉన్నాయి. బండి మీద పత్తిలో కూరుకుపోయి నిద్రపోతున్న ఒక రైతును దూరం నుంచి, ఒక లారీ చాటున నిలబడి తీస్తున్నాను. అతని పక్క బండి మనిషి నన్ను చూశాడు.

"దగ్గరికి రా మేడం. దాసుకొని ఎందుకు తీస్తవు? మేము ఏమన్న కొడ్తమా?"

సిగ్గుపడి దగ్గరికి వెళ్లాను. పత్తిలో తేమ ఎక్కువుందని నిన్న కొనలేదట, ఆరబెట్టుకుని మళ్లీ వరుసలో నిలబడ్డారట. "నీ ఫోటో పేపర్ల వస్తదా?" అని అడిగాడు. రాదన్నాను. "మరి ఎక్కడొస్తది?" అన్నాడు. ఈ ఆరేళ్లలో తీసిన వేల ముఖాల్లో ఒక్కరికి కూడా వాళ్ల ఫోటో చేరలేదు. అడిగినవాళ్లకల్లా పంపుతానన్నాను. కెమెరా సంచిలో పెట్టేశాను.

మధ్యాహ్నం ఒక చిన్న మెస్‌లో జొన్నరొట్టె తిన్నాను. నడిపే ఆమె మరాఠీ మనిషి. ఇక్కడ ఒకే వాక్యంలో రెండు భాషలూ నడుస్తాయి. రొట్టె మీద దంచిన పచ్చిమిర్చి కారం, శనగపిండి కూర వేసింది. మా ఇళ్లలో శనగపిండితో బజ్జీలే తప్ప కూర చెయ్యం. నేను ఒక రొట్టెతో ఆపేస్తే ఎదురుగా వచ్చి కూర్చుంది.

"తబియత్ మంచిగ లేదా బాయి? మొఖం గిట్ల పడ్డది."

"ఒకలకు మాటిచ్చిన. చెయ్యలేకపోయిన."

"పోయి చెప్పు మరి. తిడితే తిడతరు," అని నా పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది. అది ఊరికే వేసింది. చెప్పడం ఎంత తేలికైన పనో అన్నట్టు లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

సాయంత్రానికి తెలియని నంబరు నుంచి ఒక మెసేజ్. మేడం, నేను లావణ్య మామ సీనును, మీకు తీరినప్పుడు పంపుర్రి, ఫికర్ లేదు, అని ఉంది. అంత మెత్తగా అడగకపోతే బాగుండేది.

నిర్మల్

ఉట్నూరు మీదుగా వచ్చే దారి ఈ ప్రయాణం మొత్తంలో అందమైన భాగం. మీరు వెళ్తే తప్పక పగటిపూట వెళ్లండి. టేకు ఆకులు పళ్లాలంత ఉండి ఎండిపోయి గాలికి గలగలలాడుతుంటాయి. నేను దాన్ని కిటికీలోంచి చూశాను అంతే. ఒక్క ఫోటో తీయలేదు.

నిర్మల్‌లో కొయ్యబొమ్మలు చేసే ఇంటికి వెళ్లాను. ఒకామె వరండాలో కూర్చుని కొయ్య సీతాఫలానికి ఆకుపచ్చ రంగు వేస్తోంది. చేతికిచ్చింది. పొనికి కర్ర కాబట్టి దూదిలా తేలిక. నా సంచి చూసి, "తీసుకోర్రి మేడం, అందరు తీస్తరు. ఫోటోలు తీస్తరు, బొమ్మ కొనరు," అంది. కోపంగా కాదు, అలవాటైపోయిన మాటలా అంది. ఆ సీతాఫలం రెండు వందల యాభై పెట్టి కొన్నాను. ఫోటో తీయలేదు. ఆమెకు అదీ వింతగానే అనిపించింది.

అక్కడి నుంచి బజారులో ఒక ఫోటో స్టూడియోకు వెళ్లాను. మసకబారిన ఫోటోలను బాగుచేయడం సాధ్యమా అని అడగడానికి. కంప్యూటర్ ముందున్న ముప్పై ఏళ్లతను నా కెమెరాలోని కార్డు పెట్టుకుని చూశాడు.

"ఎవలు తీసిండ్రు మేడం గివి?"

"నేనే."

అతను నా ముఖం వైపు చూడకుండా మౌస్ అందుకున్నాడు. అది అతని మర్యాద. "ఇప్పుడు ఏఐ వచ్చింది. ఒక్క నిమిషంల చేస్త," అని మల్లయ్యా లావణ్యా పక్కపక్కన నిలబడిన ఫోటో తెరిచి ఒక బటన్ నొక్కాడు.

మరకలోంచి కళ్లు వచ్చాయి. కనుబొమలు, పెదవులు, చర్మం మీద ముడతలు వచ్చాయి. నేను కుర్చీ ముందుకు జరిపాను. స్పష్టంగా, సినిమా బొమ్మంత స్పష్టంగా ఇద్దరు మనుషులు కనిపించారు. ఒక నడివయసు ఆయన, ఒక అమ్మాయి. వాళ్లు మల్లయ్యా లావణ్యా కారు.

"గీళ్లు వాళ్లు కాదు," అన్నాను.

"జర తేడా ఉంటది మేడం. ఫోన్‌ల చూసేటోళ్లకు ఏం తెలుస్తది? గిట్లనే పంపుర్రి."

మళ్లీ నొక్కించాను. ఇంకో ఇద్దరు వచ్చారు. మూడోసారి నొక్కితే మల్లయ్యలా కొంచెం ఉన్న ఒక మనిషి వచ్చాడు. లేదా అప్పటికి మల్లయ్య ముఖం నాకు సరిగ్గా గుర్తులేదేమో. అదొక్కటి ఫోన్‌లో వేయించుకున్నాను.

స్టూడియో బయట ఎండలో నిలబడి అరగంట ఆలోచించాను. లెక్కలు చెప్పేదాన్ని కదా, తప్పు లెక్కకు సరైన జవాబు ఎలా తెప్పిస్తారో పిల్లల దగ్గర రోజూ చూస్తాను. చివరి గీతలో జవాబు రాసి, మధ్యలో అంకెలు దిద్దుతారు. అలాంటివాళ్లను నిలబెట్టి మందలిస్తాను. ఇవన్నీ గుర్తుండగానే ఆ ఫోటోను సీనుకు పంపాను. మిగతావి వెలుతురు తక్కువై సరిగా రాలేదు, క్షమించండి అని కింద రాశాను. తిరిగి చదవకుండా ఫోన్ సంచిలో వేసుకున్నాను.

కరీంనగర్

నాలుగో రోజు జగిత్యాల మీదుగా తిరుగుప్రయాణం. బస్సులో సీటు దొరికాక ఫోన్ చూశాను. సీను వాయిస్ మెసేజ్ పెట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. వెనక ఏవో యంత్రాల చప్పుడు.

"మేడం నమస్తే. ఫోటో వచ్చింది, మీరు సల్లగుండాలె. మేడం, బావ పక్కపొంటి నిలబడ్డ పిల్ల ఎవలు? లావణ్య రాలేదా? బావ మొఖం గిట్లెట్ల అయింది? గుండు చేయించుకుంటే గింత మారుతడా? ఏం అనుకోకుర్రి మేడం, జర చెప్పుర్రి."

అందులో అనుమానం లేదు. తప్పు తన కళ్లదే అన్నట్టు అడుగుతున్నాడు. దారి పొడుగునా ఆ మెసేజ్ నాలుగైదు సార్లు విన్నాను.

బస్సు దిగి నేరుగా షాపుకు వెళ్లి లెన్సులు తిరిగిచ్చేశాను. ఆయన రెండింటినీ వెలుతురులో తిప్పి చూసి, "ఏది తెప్పియ్యాలె మేడం?" అన్నాడు.

"రెండూ వద్దు."

"ఎందుకు, మంచిగ రాలేదా?"

"లెన్సులు మంచియే," అన్నాను. ఆయన నాతో వాదించలేదు. పెళ్లిళ్ల సీజను, రెండూ మర్నాడే వేరే ఎవరో తీసుకుపోయారని తర్వాత తెలిసింది.

సాయంత్రం అయిదింటికి ఇంట్లో కూర్చుని మస్కట్‌కు ఫోన్ చేశాను. సీను మొదటి రింగుకే ఎత్తాడు. నేను పేరు చెప్పి, ఆగితే మళ్లీ చెప్పలేనని మొత్తం ఒక్క బిగిన చెప్పాను. లావణ్య ఫోన్‌లో తీస్తానంటే నేనే వద్దన్నానని, ఇరవైమూడు ఫోటోల్లో ముఖాలు రాలేదని, నిర్మల్‌లో కంప్యూటర్‌తో ముఖాలు చేయించి పంపానని, ఆ అమ్మాయి లావణ్య స్థానంలో యంత్రం పెట్టిన ఎవరో అమ్మాయి అని. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"మసకగున్నయే పంపుర్రి మేడం. ఉన్నకాడికి చూసుకుంట," అన్నాడు.

ఫోన్ పెట్టకుండానే ఇరవైమూడూ పంపాను. అతను ఒక్కొక్కటే తెరుస్తున్నట్టు తెలుస్తోంది. ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది. "గివి బావ చేతులు," అన్నాడు ఒకచోట. "గీ చీర లావణ్యది, నిరుడు నేనే పంపిన." మొత్తం చూసేశాక గొంతు తగ్గించి అడిగాడు.

"మేడం, ఒక మాట అడుగుత. మా బావ మా అక్కను మంచిగ చూసుకోలే. ఉన్నన్ని రోజులు ఒక్క మంచి మాట అనలే. నేను మస్కట్ కెళ్లి ఫోన్ చేస్తే అక్క ఎన్నడు చెప్పకపోయేది గని, నాకు తెలుసు. గా కుండ ఇడిసిపెట్టంగ బావ మొఖం ఎట్లుంటదో చూద్దామనే ఫోన్‌ల చూస్త అన్న. లావణ్యను అడుగలేను గద, తండ్రి ఆయె. మీరైతే పరాయి మనిషి, ఉన్నదున్నట్టు చెప్తరు. బావ ఏడ్చిండా మేడం?"

నేను ఆ ఒడ్డును గుర్తు తెచ్చుకున్నాను. మంచు గుర్తుంది. వెలుతురు ఎటు నుంచి పడుతోందో గుర్తుంది. ఏ నంబరు మీద లెన్సు పెట్టానో గుర్తుంది. మల్లయ్య నాకు పది అడుగుల దూరంలో నిలబడి భార్యను నీళ్లలో కలిపాడు. ఏడ్చాడని చెప్పవచ్చు. అంతదూరాన ఉన్న మనిషికి ఆ ఒక్క మాటా చాలు. కానీ అప్పటికే అతనికి ఒక ముఖం కల్పించి పంపాను.

"నేను చూడలే తమ్మీ," అన్నాను.

"గాడనే ఉంటిరి గద మేడం."

"ఉన్న."

"సరే మేడం," అన్నాడు. డ్యూటీ బస్సు వచ్చింది, ఉంటానన్నాడు.